నీటిలోని పంచాంగం

ఉగాదినాడు పంచాంగశ్రవణం వింటాం. ఈ ఏడు రాజెవరు, మంత్రి ఎవరు, వాన ఎన్ని కుంచాలు, పంట ఎన్ని పాళ్ళు అని సిద్ధాంతిగారు చదువుతూ ఉంటే నమ్మేవారూ, నమ్మనివారూ కూడా చెవి ఒగ్గి వింటారు. ఫలితం మాట ఎట్లా ఉన్నా, ఒక ఏడు మరొక ఏడులా ఉండదన్న సంగతి అందరికీ అనుభవమే. పెరట్లో మామిడి ఒక ఏడు విరగకాస్తుంది; మరుసటి ఏడు పూత పూసినట్టే పూసి రాలిపోతుంది.

నీళ్ళకు కూడా ఇట్లాంటి సంవత్సరాలున్నాయంటే నమ్ముతారా? గట్టుమీద నిలబడి చూసేవారికి చెరువు ఏ ఏడైనా చెరువే. నిండితే నిండినట్టు, ఎండితే ఎండినట్టు. కాని ఆ నీటిలో కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులున్నాయి. వాటి లోకంలోనూ కరువు సంవత్సరాలు, కలిమి సంవత్సరాలు ఉన్నాయి. ఒక జాతి గద్దె దిగితే మరొక జాతి ఎక్కడం ఉన్నది. అక్కడ రాజు మారినప్పుడల్లా ఇక్కడ నీటి రంగు మారుతుంది, మన కంచంలోకి వచ్చే చేప బరువు మారుతుంది.

ఈ జీవులను శాస్త్రజ్ఞులు జంతుప్లవకాలంటారు. ప్లవమంటే తెప్ప. తేలుతూ పోయేది ప్లవకం. మన అరవై సంవత్సరాల పేర్లలో కూడా ఒక ప్లవ ఉన్నది. 2021లో వచ్చి వెళ్ళింది. ఇంగ్లీషులో ప్లాంక్టన్ అంటారే, ఆ మాటను 1887లో హెన్సెన్ అనే జర్మన్ పండితుడు గ్రీకునుంచి తీసుకున్నాడు. దానికి దేశదిమ్మరి అని అర్థం. వారు దిమ్మరి అన్నారు, మనవారు తెప్ప అన్నారు. రెండూ అతికినట్టు సరిపోయాయి. ఈ జీవులు కొద్దో గొప్పో ఈదగలవు గాని, ప్రవాహానికి ఎదురు పోలేవు. నీరు ఎటు తీసుకుపోతే అటే.

నీటిని పచ్చగా కనిపింపజేసే సూక్ష్మమైన నాచులు వృక్షప్లవకాలు. వాటిని మేసి బతికేవే జంతుప్లవకాలలో చాలా భాగం. పచ్చికకూ పశువులకూ ఉన్న చుట్టరికమే ఇక్కడా ఉన్నదన్నమాట.

మన ఇళ్ళకు ఇవి బొత్తిగా కొత్త కాదు. ఒకప్పుడు దిగుడుబావుల నీళ్ళు తాగే పల్లెల్లో నారికురుపు పీడించేది. ఆ పురుగు పిల్లను కడుపులో పెట్టుకుని నీటిలో తిరిగేది సైక్లాప్స్ అనే జంతుప్లవకమే. నీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగండని ఊరూరా చెప్పింది దాన్ని ఆ గుడ్డలో ఆపడానికే. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశానికి ఆ పీడ వదిలిందని ధ్రువీకరించింది. కీడు చెప్పుకున్నాం గనుక మేలు కూడా చెప్పుకోవాలి. మనం ఇష్టంగా తినే బొచ్చె చేపకు ముఖ్యాహారం ఈ జంతుప్లవకాలే. చేపల చెరువుల రైతులు పేడా, సూపర్ ఫాస్ఫేటూ వేసి నీటికి రంగు తెప్పించేది వీటిని పెంచడానికే.

రంగు మారిన సరస్సు

ఇక అసలు కథకు వస్తాను. అమెరికా పశ్చిమతీరాన సియాటిల్ నగరం ఉన్నది. దాన్ని ఆనుకుని వాషింగ్టన్ అనే మంచినీటి సరస్సు. పొడవు సుమారు 35 కిలోమీటర్లు, లోతు అరవై మీటర్ల పైచిలుకు. ఇవాళ ఆ సరస్సు చుట్టుపక్కల ఎందరో తెలుగువాళ్ళు కాపురాలుంటున్నారు. మనుమలను చూడబోయిన తాతలూ, అమ్మమ్మలూ సాయంత్రాలు ఆ గట్టున షికారు చేసి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో వచ్చి చెబుతూ ఉంటారు. డెబ్బై ఏళ్ళ కిందట చూసి ఉంటే అట్లా చెప్పేవారు కారు.

నగరం పెరిగింది. చుట్టూ ఉన్న ఊళ్ళు పెరిగాయి. మురుగును శుద్ధిచేసే కేంద్రాలు పది దాకా వెలిశాయి. అవి శుద్ధిచేసిన నీటిని సరస్సులోకే వదిలేవి. శుద్ధి అంటే రోగక్రిములు పోయేవి గాని, మురుగులోని భాస్వరం పోయేది కాదు. పొలానికి భాస్వరం వేస్తే పైరు ఏపుగా పెరిగినట్టే, సరస్సులో నాచు పెరగడం మొదలుపెట్టింది.

1949లో ఆ ఊరి విశ్వవిద్యాలయానికి ఎడ్మండ్‌సన్ అనే ఆచార్యుడు వచ్చాడు. హైస్కూలు చదివే రోజుల్లోనే మైక్రోస్కోపు ముందు కూర్చుని నీటిబొట్టులోని జీవులను చూడడం మరిగిన మనిషి. 1955లో ఆయనకూ, ఆయన శిష్యులకూ సరస్సు నీటిలో ఆసిలటోరియా రుబెసెన్స్ అనే పోగుల నాచు కనిపించింది. చూడడానికి అదేమంత భయంకరమైనది కాదు. కాని అంతకు ముందు యూరపులో జ్యూరిచ్ మొదలైన సరస్సులు చెడిపోయినప్పుడు మొదట కనిపించిన అతిథి అదే. ముందుంది ముసళ్ళ పండగ అని ఆయనకు అర్థమైంది.

మురుగును సరస్సులోకి కాక దూరంగా సముద్రపుపాయలోకి తరలించాలి. దానికి ఊళ్ళన్నీ కలవాలి, పన్నులు కట్టాలి. ఎడ్మండ్‌సన్ తన లెక్కలను ముందు పెట్టి, ఉద్యమం నడుపుతున్న జేమ్స్ ఎలిస్ అనే వకీలుకు సంగతి విశదపరిచాడు. 1958 మార్చిలో ప్రజలు ఓటువేసి ఆ పథకాన్ని ఓడించారు. ఆ ఎండాకాలం సరస్సు పరిస్థితి ఇంకా దిగజారింది. సెప్టెంబరులో మళ్ళీ ఓటు పెట్టారు. ఈసారి నెగ్గింది. 1963లో మొదలుపెట్టి 1968 నాటికి మురుగంతా మళ్ళించారు.

నీరు ఎంత తేటగా ఉన్నదో కొలవడానికి శాస్త్రజ్ఞులకు ఒక సులువైన సాధనం ఉన్నది. ఒక పళ్ళేన్ని తాడుకు కట్టి నీటిలోకి దింపుతారు. అది కంటికి మాయమయ్యే లోతు ఎంతో గుర్తుపెట్టుకుంటారు. 1865లో సెక్కీ అనే ఇటలీ దేశపు క్రైస్తవ గురువు ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1963 ఎండాకాలంలో వాషింగ్టన్ సరస్సులో ఆ పళ్ళెం సుమారు ఒక్క మీటరుకే మాయమయ్యేది. మురుగు ఆగాక 1970 దాటేసరికి మూడు నాలుగు మీటర్ల దాకా కనిపించసాగింది. భాస్వరం తగ్గింది, నాచు తగ్గింది, నీరు తేరుకున్నది. అనుకున్నట్టే జరిగింది గనుక అంతా సంతోషించారు. కథ కంచికి పోవలసిందే.

కాని 1976లో వింత జరిగింది. ఆ ఏడు పళ్ళెం ఉన్నట్టుండి ఇంకా లోతుకు దిగింది. తరవాతి ఏళ్ళలో ఎండాకాలపు సగటు ఆరేడు మీటర్లకు చేరింది. భాస్వరం కొత్తగా అంత తగ్గింది లేదు. ఏమిటి కారణం?

డాఫ్నియా వచ్చింది

కారణం ఎడ్మండ్‌సన్ సీసాల్లో ఉన్నది. ఆయన బృందం ఏటేటా, ఏ కాలమూ వదలకుండా, పడవలో సరస్సు మధ్యకు పోయి, సన్నని వలను నీటిలోకి దింపి పైకి లాగేది. పూర్వం ఇట్లాంటి వలలను పిండి జల్లించే సన్నని పట్టుబట్టతో కుట్టేవారు. వలలో చిక్కిన జీవులను సీసాలో వేసి, ప్రయోగశాలకు తెచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి జాతులవారీగా లెక్కపెట్టేవారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, రోజూ అదే పని. ఆ పుస్తకాల్లో 1975 వరకు కొద్దిగా, కనీకనబడకుండా ఉన్న డాఫ్నియా 1976లో ఒక్కసారిగా సరస్సంతా నిండిపోయింది.

డాఫ్నియా పొడుగు ఒకటి రెండు మిల్లీమీటర్లు. బాగా పెరిగితే మూడు. గెంతుతూ ఈదుతుంది గనుక ఇంగ్లీషువారు వాటర్ ఫ్లీ అంటారు. ఒళ్ళంతా గాజులా ఉంటుంది. గుండె కొట్టుకోవడం కూడా బయటికి కనిపిస్తుంది. కాళ్ళు ఆడిస్తూ నీటిని తనలోకి లాగి, నాచును వడగట్టి తిని, నీటిని బయటికి వదులుతుంది. దీని వంశం తీరు కూడా విచిత్రమే. తిండి దొరికినన్నాళ్ళూ అంతా ఆడవే, మగవాటి ప్రమేయం లేకుండానే పిల్లలు పుట్టుకొస్తాయి. కష్టకాలం దాపురించినప్పుడే మగవి పుడతాయి; అప్పుడు గట్టి పెంకులో ఉండే గుడ్లు పెట్టి బురదలో వదిలేస్తాయి. మిన్నెసోటా రాష్ట్రంలో ఒక సరస్సు బురద తవ్వి, ఆరేడు వందల ఏళ్ళనాటి గుడ్లను పొదిగించిన శాస్త్రజ్ఞులు ఉన్నారు. అంచేత ఒక సరస్సులో డాఫ్నియా కనిపించడం లేదంటే, నశించిందని అనుకోనక్కరలేదు. మంచిరోజు కోసం కాచుకుని ఉండవచ్చు.

లక్షోపలక్షల డాఫ్నియాలు చేరి వడగడితే నీరు తేటపడక ఏమవుతుంది? అది సరే. 1976 దాకా ఎందుకు రాలేదు? 1968లోనే మురుగు ఆగింది గదా?

ఈ ప్రశ్నకు ఎడ్మండ్‌సన్, ఆయన సహచరులు పాత పుస్తకాలు తిరగేసి జవాబు రాబట్టారు. డాఫ్నియాకు ఆ సరస్సులో ఇద్దరు శత్రువులుండేవారు. ఒకటి నియోమైసిస్ అనే చిట్టిరొయ్యలాంటి జీవి. దానికి డాఫ్నియా అంటే మహా ప్రీతి. దొరికినదాన్ని దొరికినట్టు తినేసేది. 1960 దాటాక ఆ నియోమైసిస్ తగ్గిపోయింది. దాన్ని తినే స్మెల్ట్ అనే చేప పెరగడమే అందుకు కారణం. స్మెల్ట్ గుడ్లు పెట్టేది సరస్సులో కాదు, సరస్సులోకి వచ్చి కలిసే సీడర్ నదిలో. వరదలు రాకుండా ఆ నదిలో పూడికలు తీసి, గట్లు వేసే పనుల తీరు మారడంవల్ల చేపగుడ్లకు మంచిరోజులు వచ్చి ఉంటాయని ఎడ్మండ్‌సన్ భావించాడు.

మొదటి శత్రువు పోయినా డాఫ్నియాకు వెంటనే రాజ్యం రాలేదు. రెండో శత్రువు మిగిలే ఉన్నది. అదే మనం మొదట చూసిన ఆసిలటోరియా. దాని పొడుగాటి పోగులు డాఫ్నియా జల్లెడలో చిక్కుకునేవి. అన్నంలో వెంట్రుక వచ్చినవాడు ముద్ద ఊసేసినట్టు, పోగు చిక్కినప్పుడల్లా డాఫ్నియా ఆ ముద్దనంతా బయట పారేయవలసి వచ్చేది. ఎంతసేపు తిన్నా ఒంటికి పట్టేది కాదు. మురుగు ఆగాక ఆసిలటోరియా నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, 1976 నాటికి చెప్పుకోదగినంత మిగలలేదు. ఇద్దరు శత్రువులూ లేని మొదటి అదను చూసి డాఫ్నియా గద్దె ఎక్కింది.

నదిలో చేసిన పనికి చేప, చేపకు చిట్టిరొయ్య, చిట్టిరొయ్యకు డాఫ్నియా, డాఫ్నియాకు నీటి తేట. ఊరి మురుగుకు భాస్వరం, భాస్వరానికి నాచుపోగు, నాచుపోగుకు మళ్ళీ డాఫ్నియా. ఏడు చేపల కథలో చేప ఎందుకు ఎండలేదో తెలియాలంటే గడ్డిమోపును, ఆవును, పాలేరును, అవ్వను, చంటిపిల్లాణ్ణి, చీమను వరసగా అడగవలసి వచ్చింది గదా. ఇదీ అట్లాంటిదే. తేడా ఒక్కటే. కథలో ఒక్క పూటలో అందరూ జవాబు చెప్పారు. ఇక్కడ ఒక్కొక్క జవాబుకు ఏళ్ళు పట్టింది. 1976లో ఒక్క ఏడు వచ్చి నీళ్ళు చూసినవాడు, మురుగు ఆపిన ఫలితమే ఇదంతా అని వెళ్ళిపోయేవాడు. సగమే నిజం తెలిసేది.

తరవాతి కథ కూడా ఆ పుస్తకాలే చెప్పాయి. 1962నుంచి 2002 దాకా ఉన్న లెక్కలను 2004లో విండర్, షిండ్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశీలించారు. సరస్సు పైనీరు వసంతంలో వేడెక్కుతున్నది. నాచు మొలిచే రోజు నలభై ఏళ్ళలో సుమారు 20 రోజులు ముందుకు జరిగింది. కెరటెల్లా అనే చిన్న జీవి ఆ మార్పును కనిపెట్టి తానూ ముందే లేవడం నేర్చింది. డాఫ్నియా మాత్రం తన పాత వేళకే వస్తున్నది. పంక్తి లేచిపోయాక వచ్చిన అతిథి గతే దానిది. వసంతంలో దాని సంఖ్య తగ్గుతూ వచ్చింది. గద్దె ఎక్కినవారికి అది శాశ్వతం కాదన్న మాట నీళ్ళలోనూ నిజమే.

మూడు తరాల లెక్క

ఇంతకాలం విడవకుండా లెక్క రాయడం విశ్వవిద్యాలయాలకూ, ధనికదేశాలకూ మాత్రమే చెల్లుతుందని కొందరనవచ్చు. వారికి మరొక సరస్సు సంగతి చెప్పాలి. సైబీరియాలోని బైకాల్ ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు. లోతు 1642 మీటర్లు. గడ్డకట్టని మంచినీరు భూమి మీద ఎంత ఉన్నదో, అందులో దాదాపు అయిదో వంతు ఆ ఒక్క సరస్సులోనే ఉన్నది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో ఇర్కుట్స్క్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మిఖాయిల్ కోజోవ్ ఆ సరస్సు ప్లవకాలను వారం పది రోజులకొకసారి పట్టి లెక్కపెట్టడం ప్రారంభించాడు. యుద్ధంలో చితికిన దేశం, తిండికే కటకట. అయినా పని ఆగలేదు. బైకాల్ శీతకాలంలో గడ్డకడుతుంది. అప్పుడు మంచుకు బెజ్జం చేసి నీళ్ళు తోడేవారు. ఆయన తరవాత కుమార్తె ఓల్గా కోజోవా ఆ బాధ్యత తీసుకున్నది. ఆమె తరవాత ఆమె కుమార్తె ల్యుబోవ్ ఇజ్‌మెస్త్యెవా. నడుమ 1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది. లెక్కపుస్తకం మాత్రం మూతపడలేదు. మనవారు మనుమరాలికి నగలు ఇస్తారు. ఆ తాతగారు ఒక వల, ఒక మైక్రోస్కోపు, ఒక అలవాటు ఇచ్చి పోయారు.

బైకాల్ పండితులు కూడా మనలాగే సంవత్సరాలకు పేర్లు పెట్టుకున్నారు. మెలోసైరా అనే నాచు మూడు నాలుగేళ్ళకొకసారి మంచు కిందనే విపరీతంగా పెరుగుతుంది. అట్లాంటివి మెలోసైరా సంవత్సరాలు. ఏడాదికీ ఏడాదికీ ఇంత తేడా ఉన్నచోట, ఒక్క ఏటి లెక్క చూసి సరస్సు బాగుపడింది, చెడింది అని ఎవరనగలరు? అయిదేళ్ళు చూసినా అనలేరు.

అరవై ఏళ్ళు చూశారు గనుక అనగలిగారు. మన లెక్కన పార్థివలో మొదలైన పుస్తకం మళ్ళీ పార్థివ దాకా నడిచింది. దానికి షష్టిపూర్తి అయిందన్నమాట. ఆ లెక్కలన్నీ కూర్చి 2008లో అమెరికా, రష్యా శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించారు. అంత మహాసరస్సు, అంత చలిదేశంలో ఉన్నది, దానికేమవుతుంది అని అనుకుంటూ వచ్చారు. కాని 1946నుంచి దాని పైనీరు 1.21 డిగ్రీలు వేడెక్కింది. డాఫ్నియా కుటుంబానికి చెందిన క్లాడోసెరా జీవులు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. ఆ సరస్సును అనాదిగా ఏలుతున్నది ఎపిషూరా అనే జీవి. ప్రపంచంలో మరెక్కడా లేదు, చల్లని నీరే దానికి హితవు. వెచ్చదనాన్ని కోరే దాయాదులు ఇట్లా పెరుగుతూ ఉంటే, రేపు దాని గతి ఏమిటని వారు ఆందోళన పడుతున్నారు. వాషింగ్టన్ సరస్సులో మేలుచేసిన డాఫ్నియా కుటుంబమే ఇక్కడ హెచ్చరిక అయింది. ఒక జీవిని మంచిది, చెడ్డది అని ఊరికే అనడానికి లేదు. ఏ నీటిలో, ఏ ఏట, ఎవరి స్థానంలో వచ్చిందో చూడాలి.

మన చెరువుల మాట

ఇదంతా చదివి, ఎక్కడి సియాటిల్, ఎక్కడి సైబీరియా, మనకెందుకు అని ఎవరికైనా తోచవచ్చు. మన దేశంలో చెరువులకు తక్కువేమీ లేదు. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెరువులు నేటికీ నిండుతున్నాయి. కృష్ణా గోదావరుల నడుమ కొల్లేరు ఉన్నది. నగరం నడుమ హుస్సేన్‌సాగర్ ఉన్నది. వీటిలో నీరు పచ్చబడినప్పుడో, చేప తేలిపోయినప్పుడో మనం ఉలిక్కిపడి కారణం అడుగుతాం. ఆ రోజు సీసాలో నీళ్ళు పట్టుకుపోయి పరీక్ష చేస్తే ఆ రోజు సంగతి తెలుస్తుంది. నిరుడు ఎట్లా ఉన్నదో, పదేళ్ళ కిందట ఎవరు రాజ్యం చేశారో ఆ సీసా చెప్పలేదు. జబ్బుపడ్డ మనిషి ఒళ్ళు ఎంత కాలుతున్నదో చూస్తే చాలదు, మామూలుగా ఆ మనిషి ఎట్లా ఉండేవాడో ఇంట్లోవాళ్ళు చెప్పాలి. చెరువుకు ఆ ఇంట్లోవాళ్ళు ఎవరు?

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒక వల, ఒక తాడు, ఒక తెల్లని పళ్ళెం, ఒక మైక్రోస్కోపు, జాతులను గుర్తుపట్టగల ఒక మాస్టారు ఉంటే చాలు. జంతుశాస్త్రం చెప్పే కాలేజీలన్నిటిలోనూ మైక్రోస్కోపులున్నాయి. దగ్గరలో ఒక చెరువైనా లేని ఊరు అరుదు. ప్రతి కాలేజీ ఒక చెరువును తనదనుకుని, పదిహేను రోజులకొకసారి అదే చోట, అదే వలతో పట్టి, అదే పుస్తకంలో రాస్తూ పోతే, ఏటేటా విద్యార్థులు మారినా పుస్తకం మారకుండా ఉంటే, మన మనుమల కాలానికి అది చేతికందే ఆస్తి అవుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఇట్లాంటి పనికి మొదటి ఏడు ఎవరూ శాలువా కప్పరు. రెండో ఏడూ కప్పరు. కోజోవ్ 1968లో పోయాడు. ఆయన మొదలుపెట్టిన లెక్కకు పూర్తి అర్థం మరి నలభై ఏళ్ళకు తేలింది. ఆయన ఆ మొదటి ఏడు రాసి ఉండకపోతే, మనుమరాలికి పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. మన చెరువుల పుస్తకంలో ఆ మొదటి పేజీ ఎవరో ఒకరు రాయాలి. వచ్చే ఉగాదికి మొదలుపెట్టినా మించిపోయింది లేదు.